రుచి చూసినా తాగినట్టే

"తాగడానికి కాదు, టేస్టింగ్‌కి వెళ్తున్నాం." శని, ఆదివారాల్లో లివర్‌మోర్ వైపు బయల్దేరే కార్లలో తరచూ వినబడే మాట ఇది. కాలిఫోర్నియా బే ఏరియాలో స్థిరపడిన తెలుగువాళ్లలో చాలామందికి వైన్ టేస్టింగ్ ఇప్పుడు మామూలు కాలక్షేపం. టీమ్ ఔటింగో, పుట్టినరోజో, మరో రాష్ట్రం నుంచి స్నేహితులు రావడమో, ఏదో ఒక వంక దొరుకుతుంది. వెళ్లడంలో తప్పేమీ లేదు. తప్పల్లా ఆ మొదటి మాటలోనే ఉంది. రుచి చూడటం వేరు, తాగడం వేరు అని నమ్మి, సాయంత్రం కాగానే నిశ్చింతగా స్టీరింగ్ పట్టుకునేవాళ్లు ఎదురొచ్చేవాళ్ల ప్రాణాలనూ తమ బతుకునూ పణంగా పెడుతున్నారు.

లివర్‌మోర్ అనగానే మనవాళ్లకు శివ విష్ణు ఆలయం గుర్తొస్తుంది. గుడి 580 ఫ్రీవేకి ఉత్తరాన ఉంటే, ద్రాక్షతోటలు ఎక్కువగా ఊరికి దక్షిణాన ఉంటాయి. వాటి మధ్య నుంచి సాగే రెండు వరుసల దారి పేరు టెస్లా రోడ్డు. ఈ పేరు కారు కంపెనీ నుంచి వచ్చింది కాదు. ముందున్న కొండల్లో 19వ శతాబ్దం చివర వెలసి, 20వ శతాబ్దం మొదట్లోనే ఖాళీ అయిపోయిన బొగ్గుగనుల ఊరికి నికోలా టెస్లా పేరు పెట్టారు. రోడ్డుకి ఆ ఊరి పేరు వచ్చింది. దారికి రెండు పక్కలా ద్రాక్ష వరుసలు, వెనక వేసవిలో ఎండి పసుపురంగుకి తిరిగే గడ్డి కొండలు కనిపిస్తాయి. తోట అంచున వంగి చూస్తే మట్టి కంటే గులకరాళ్లే ఎక్కువ. కొండవాగులు వేల ఏళ్లుగా తెచ్చి పోసిన నేల అది. నీరు నిలవదు కాబట్టి తీగ వేరును లోతుకి దించుకోక తప్పదు. వెంటే, కాంకానన్ అనే రెండు కుటుంబాలు 1883లో ఇక్కడే వైన్ తయారీ మొదలుపెట్టాయి. ఇప్పుడు లివర్‌మోర్ లోయలో 50కి పైగా వైనరీలున్నాయి. వాటిలో చాలా వాటికి వారాంతంలోనే తలుపులు తెరుచుకుంటాయి. కొన్నిచోట్ల గ్లాసులో వైన్ పోసేది యజమానే.

ఇంత దగ్గరగా, ఇంత ఆత్మీయంగా ఉండటమే రుచి చూడటం తాగడం కాదన్న అపోహకి బలం. బార్‌లో కూర్చున్నట్టు అనిపించదు. పిల్లలు పచ్చికలో ఆడుకుంటుంటారు, పక్కన ఎవరిదో కుక్క పడుకుని ఉంటుంది. పెద్ద గ్లాసు అడుగున రెండు గుటకలకి సరిపడా వైన్ ఉంటుంది. ఇది తాగడం ఎలా అవుతుందని ఎవరికైనా అనిపిస్తుంది.

లెక్క వేసి చూస్తే ఎలా అవుతుందో తెలుస్తుంది. టేస్టింగ్‌లో ఒక్కో వైన్ సాధారణంగా ఒకటి నుంచి రెండు ఔన్సులు పోస్తారు. మధ్యరకంగా ఒకటిన్నర ఔన్సు, అంటే 45 మిల్లీలీటర్లు అనుకుందాం. వరుసగా ఐదు రకాలు. మనవాళ్ల ప్లాన్‌లో మూడు వైనరీలకు తక్కువ ఉండవు. మొత్తం 15 సార్లు పోస్తే 675 మిల్లీలీటర్లు. పూర్తి సీసా 750. ఒక్కరే దాదాపు సీసా ఖాళీ చేసినట్టు! పైగా కాలిఫోర్నియా ఎర్ర వైన్లలో 14 శాతం ఆల్కహాల్ మామూలే. ఆ లెక్కన ఒంట్లోకి చేరిన ఆల్కహాల్ 75 గ్రాముల దాకా ఉంటుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో విస్కీ లెక్క తెలిసినవాళ్లకి ఇంకోలా చెప్పవచ్చు: 42.8 శాతం ఉండే మన విస్కీలో ఇది మూడున్నర లార్జ్ పెగ్గుల పైమాటే. మూడున్నర లార్జ్ వేసుకున్న బావమరిది కారు తాళాలు అడిగితే ఇంట్లో ఎవరూ ఇవ్వరు. టెస్లా రోడ్డులో మాత్రం అడక్కుండానే చేతిలో పెడుతున్నారు.

రక్తంలో అది ఎంతకి చేరుతుందో అంచనా వేయడానికి స్వీడన్ శాస్త్రవేత్త విడ్‌మార్క్ సూత్రం ఉంది. 70 కిలోల మగవాడు నాలుగు గంటల్లో ఇంత తీసుకుంటే, ఈలోగా శరీరం ఖర్చు చేసింది తీసేసినా, 0.09 శాతం దాటుతుంది. కాలిఫోర్నియా చట్టం గీసిన గీత 0.08. అదే 55 కిలోల ఆడమనిషికైతే 0.18 దాకా పోతుంది, అంటే గీతకి రెట్టింపు కన్నా ఎక్కువ. శరీరంలో నీటి పాలు తక్కువ కాబట్టి అదే మోతాదు ఆమె రక్తంలో చిక్కగా మిగులుతుంది. "ఆయన ఎక్కువ తాగాడు, నేను టేస్టే కదా చేశాను, నేను నడుపుతాను" అని భార్య తాళాలు అందుకునే ఇళ్లలో ఈ అంకె తెలియడం చాలా అవసరం.

ఇది కూడా కొలిచి పోస్తేనే. చిన్న వైనరీలో కొలత నిలవదు. రెండు మాటలు కలిసి, మీకు నిజంగా ఆసక్తి ఉందని తెలిశాక, యజమాని లోపలికెళ్లి జాబితాలో లేని సీసా ఒకటి తెస్తారు. దానికి లెక్క ఉండదు. ఆ ఆదరణ కోసమే జనం చిన్న వైనరీలకి వెళ్తారు. కానీ గ్లాసుల సంఖ్య మీద పెట్టుకున్న నమ్మకం అక్కడితో చెల్లిపోతుంది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఆల్కహాల్ రక్తంలో పతాక స్థాయికి చేరడానికి చివరి గుటక తర్వాత అరగంట నుంచి గంటన్నర పట్టవచ్చు. పార్కింగ్‌లో తిన్నగా నడిచి, "చూడు, నాకేం కాలేదు" అన్నవాడికి అసలు మత్తు ఇంటి దారిలో సునోల్ దగ్గర ఎక్కుతుంది. అక్కడి నుంచి ఫ్రీమాంట్‌కి నైల్స్ క్యాన్యన్ దారి పడితే ఒక పక్క కొండ, మరో పక్క వాగు, మధ్యలో మలుపుల మీద మలుపులు. టెస్లా రోడ్డు కూడా తోటలు దాటాక అంతే, కొండల్లో మెలికలు తిరుగుతూ ట్రేసీ వైపు దిగుతుంది. 580లో ట్రాఫిక్ ఆగినప్పుడు ఆఫీసుల నుంచి ఇళ్లకి చేరేవాళ్లు ఆ దారినే వస్తారు. సైకిళ్లవాళ్లు ఉంటారు. పక్కకి తప్పుకోవడానికి చాలాచోట్ల జానెడు జాగా కూడా ఉండదు.

కాఫీ తాగితే, మజ్జిగ తాగితే, నిమ్మకాయ పిండుకుంటే, మొహం కడుక్కుంటే దిగిపోతుందన్న నమ్మకాలు అమెరికా వెళ్లినా మనల్ని వదల్లేదు. కాఫీ నిద్రని ఆపుతుంది తప్ప మత్తుని ఆపదు. నిద్రమత్తు పోవడంతో తను బాగానే ఉన్నానన్న భ్రమ పెరుగుతుంది. అది మరీ ప్రమాదం. ఆల్కహాల్‌ని ఖర్చు చేసే పని ప్రధానంగా కాలేయానిది. గంటకి దాదాపు 0.015 శాతం చొప్పున తన తీరులో తను చేసుకుపోతుంది, తొందరపెట్టే మార్గం లేదు. 0.10 దగ్గర ఉన్నవాడు సున్నాకి రావాలంటే ఆరేడు గంటలు పడుతుంది.

తిండి విషయంలో మాత్రం పెద్దవాళ్ల మాట కొంతవరకు ఒప్పుకోక తప్పదు. కడుపు నిండా తిని వెళ్తే నిజంగానే తేడా ఉంటుంది. ఆల్కహాల్ ఎక్కువగా ఇంకేది చిన్నపేగులో. కడుపులో అన్నం ఉంటే అక్కడికి చేరడం ఆలస్యమవుతుంది, పతాక స్థాయి కూడా తగ్గుతుంది. అయితే తినడం ముందు జరగాలి. తాగేశాక తింటే ఆ ఫలం దక్కదు. టేస్టింగ్ గదిలో ఇచ్చే నాలుగు చీజ్ ముక్కలూ గుప్పెడు బిస్కెట్లూ భోజనం కావు. ఎంత తిన్నా 15 పోతలు 15 పోతలే.

ఇక చట్టం మీద ఉన్న ధీమా. ఇండియాలో హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03. అమెరికాలో 0.08 కాబట్టి అక్కడ తాగి నడపడానికి వీలుందని చెప్పేవాళ్లున్నారు. కానీ కాలిఫోర్నియా వాహన చట్టం 23152 సెక్షన్‌లో రెండు వేర్వేరు నేరాలున్నాయి. 0.08, ఆపైన ఉండి నడపడం ఒకటి. మద్యం ప్రభావంలో నడపడం ఇంకొకటి, దానికి అంకెతో పని లేదు. 0.06 ఉన్నా, బండి గీత దాటి ఊగుతుంటే కేసు పెట్టవచ్చు. 21 ఏళ్లు నిండనివాళ్లకి 0.01 ఉన్నా లైసెన్స్ పోతుంది. పల్లె దారిలో పోలీసులు ఉండరన్నది కూడా వట్టిదే, హైవే పెట్రోల్ గస్తీ ఇలాంటి రోడ్ల మీదా ఉంటుంది. సైకిలైతే ఫర్వాలేదా? లేదు, తాగి సైకిల్ తొక్కడం కూడా అక్కడ నేరమే.

"పట్టుకుంటే ఫైన్ కడితే పోతుంది, స్పీడింగ్ టికెట్ లాంటిదే కదా." అన్ని అపోహల్లోకీ ఎక్కువ కొంపలు ముంచుతున్నది ఇదే. ఇది ట్రాఫిక్ టికెట్ కాదు, క్రిమినల్ కేసు. చేతులకి బేడీలు వేసి తీసుకెళ్తారు, వేలిముద్రలు తీసుకుంటారు. కోర్టు సంగతి తేలకముందే రవాణా శాఖ మొదటి తప్పుకే నాలుగు నెలలు లైసెన్స్ ఆపేస్తుంది. దాన్ని సవాలు చేయాలంటే పది రోజుల్లో విచారణ కోరాలి. పరీక్షకి ఒప్పుకోకపోతే ఏడాది పోతుంది. డ్రైవింగ్ రికార్డులో ఆ మచ్చ పదేళ్లుంటుంది.

హెచ్1బీ మీదో, ఎఫ్1 మీదో ఉన్నవాళ్లకి కథ అక్కడితో ఆగదు. 2015 నవంబరులో అమెరికా విదేశాంగ శాఖ తన కాన్సులేట్లకు ఒక మార్గదర్శకం పంపింది. గత ఐదేళ్లలో తాగి నడిపిన కేసులో శిక్ష పడినవాళ్ల వీసానే కాదు, అరెస్టయినవాళ్ల వీసాను కూడా రద్దు చేయవచ్చు. కోర్టు దోషిగా తేల్చేదాకా ఆగనక్కర్లేదు. దేశంలో ఉన్నంతవరకు ఆ రద్దు ఒక్కటే చాలామంది స్టేటస్‌ని ఉన్నపళంగా తీసేయదు, అందుకే దాని బరువు తెలియదు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో తండ్రిని ఆసుపత్రిలో చేర్చారని ఫోన్ వచ్చిన రోజు తెలుస్తుంది. బయటికి వెళ్తే కొత్త వీసా లేకుండా తిరిగి అడుగుపెట్టలేరు. దరఖాస్తులో అరెస్టు గురించి అడిగిన ప్రశ్నకి అవునని రాయాలి. ఇంటర్వ్యూ తర్వాత కాన్సులేట్ చెప్పిన వైద్యుడి దగ్గర పరీక్షలు చేయించుకోవాలి. ఉద్యోగం అక్కడ, భార్యాబిడ్డలు అక్కడ, మనిషి ఇక్కడ. ఇంతకీ కారణం, రుచి చూడటం తాగడం కాదన్న ఒక్క మాట.

మిగతా నమ్మకాలకి ఇంత శ్రమ అక్కర్లేదు. తలనొప్పికి కారణం ఎర్ర వైన్‌లో ఉండే సల్ఫైట్లు అంటారు. సాధారణంగా తెల్ల వైన్‌లోనే అవి ఎక్కువ. గ్లాసు తిప్పినప్పుడు జారే ధారలు వైన్ గొప్పతనాన్ని చెప్పవు, ముఖ్యంగా అందులో ఆల్కహాల్ ఎంతుందో చెబుతాయి. ఎంత పాతబడితే అంత మంచిదన్నది కొన్ని వైన్లకే వర్తిస్తుంది, ఎక్కువ వైన్లు ఒకటి రెండేళ్లలో తాగడానికి చేసినవే. మర మూత ఉన్నంతమాత్రాన నాసిరకం కాదు.

ఒక నమ్మకం దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే దానికి విరుగుడు తెలిస్తే పెద్ద అపోహకీ విరుగుడు దొరికినట్టే. నోట్లో పోసుకున్న వైన్‌ని ఉమ్మేస్తే పోసినవాళ్లని అవమానించినట్టని మనవాళ్లు అనుకుంటారు. కానీ బల్ల మీద స్టీలుదో పింగాణీదో కూజా లాంటి పాత్ర ఒకటి పెట్టేది ఉమ్మడానికే. వైన్ చేసేవాళ్లు రోజూ అలాగే రుచి చూస్తారు. పుక్కిలించి, ముక్కుతో గాలి వదిలి, ఉమ్మేస్తారు. అందరూ ఉమ్మిన పాత్ర దగ్గరికి వంగాలంటే ఎంగిలి పట్టింపు అడ్డొస్తే, ఒక పేపర్ కప్పు అడగండి, సంకోచం లేకుండా ఇస్తారు. గ్లాసులో మిగిలింది ఆ పాత్రలో వంపేయడం కూడా మర్యాదే. భార్యాభర్తలు ఒక్క ఫ్లైట్ (ఒకరికి వరుసగా పోసే రకాల జట్టు) తీసుకుని రెండు గ్లాసులు అడిగితే మోతాదు అక్కడికక్కడే సగమవుతుంది.

మూడు వైనరీల ప్లాన్‌ని రెండుకి తగ్గించండి. వెళ్లిన చోట గంటన్నర కూర్చోండి. ఈ లోయకి చెప్పుకోవడానికి కథలున్నాయి. 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం నడిచిన కాలంలో చర్చిల ఆరాధనకి వైన్ చేసి కాంకానన్ నిలబడింది. పెటీట్ సిరా అన్న ద్రాక్ష రకం పేరుతో అమెరికాలో మొదటి సీసా విడుదల చేసింది కూడా వాళ్లే, 1961 పంటతో. కాలిఫోర్నియాలో పెరిగే షార్డొనే తీగల్లో అత్యధిక భాగం వెంటే తోటల నుంచి వెళ్లిన వంశమే. ఆ రెండు రకాలనీ ఏదైనా చిన్న వైనరీలో పక్కపక్కన పెట్టించుకుని, తోటలోకి తీసుకెళ్లి తీగ చూపించమని అడిగితే, 15 పోతల్లో రాని రుచి అందులో తెలుస్తుంది.

బయల్దేరే ముందే నడిపేవాళ్లెవరో తేల్చుకోండి. వాళ్లు ఆ రోజుకి చుక్క ముట్టకూడదు, "ఒక్క సిప్" కూడా లెక్కలోకే వస్తుంది. కొన్ని వైనరీలు డ్రైవర్ దగ్గర టేస్టింగ్ రుసుము తీసుకోవు, అడగండి. అలాంటివాళ్లు గుంపులో లేకపోతే కారు లివర్‌మోర్ డౌన్‌టౌన్‌లో పెట్టి ఊబర్ తీసుకోండి. తోటలు అక్కడికి నాలుగైదు మైళ్ల లోపే కాబట్టి ఖర్చని సాకు చెప్పడానికీ లేదు. సగం మిగిలిన సీసాకి బిరడా బిగించి ఇంటికి తెచ్చుకునేటప్పుడు సీటు దగ్గర, డాష్‌బోర్డు అరలో పెట్టకండి. మూత తీసిన సీసా డిక్కీలోనే ఉండాలని చట్టం. డిక్కీ లేని ఎస్‌యూవీ, మినీవ్యాన్ అయితే మనుషులు కూర్చోని చోట, చివరి సీటు వెనక పెట్టాలి. లివర్‌మోర్ వేసవి ఎండ 38 డిగ్రీలు దాటిన రోజున మూసిన కారులో వైన్ ఉడికిపోతుంది. డిక్కీలో మంచుపెట్టె ఒకటి వేసుకెళ్తే, కొన్న సీసాలూ బాగుంటాయి, డ్రైవర్‌కి చల్లని మజ్జిగా ఉంటుంది.