చుక్క కొఱకు వేచియున్న గొట్టము

అంతరిక్షమున గాలి లేదు. అందుచే వ్యోమనౌకలోని పరికరములను చల్లార్చుట సులభము కాదు. సుదూర నక్షత్రముల వేడిమిని పసికట్టు పరికరములైతే అతిశీతలముగా నుండినగాని పనిచేయవు. వీనికి తోడ్పడునది ఉష్ణవాహక గొట్టము. 1963లో అమెరికాయందు జార్జి గ్రోవరు అట్టి గొట్టమును నిర్మించెను.

ఇది రెండు కొనలును మూసిన లోహపు గొట్టము. లోపల కొద్దిపాటి ద్రవముండును. వెచ్చని కొనయందు అది ఆవిరియై, వేడిమిని గొనిపోయి, చల్లని కొనయందు మరల ద్రవమగును. ప్రమిదలో వత్తి నూనెను పీల్చునట్లు, గోడలయందలి సన్నని గాడులు ఆ ద్రవమును వెనుకకు చేర్చును. దీనికి యంత్రమక్కరలేదు, విద్యుత్తక్కరలేదు!

అతిశీతల గొట్టములలో ఆక్సిజనును నింపుదురు. సున్నకు దిగువ 119 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు చల్లార్చనిదే అందొక చుక్కయైనను ద్రవము కాదు. అంతవఱకు గొట్టము నిదురించుచున్నట్లే. ఆకాశమున అది మేల్కొనునా?

నేలపై పరీక్షించి చెప్పుట కష్టము. భూమ్యాకర్షణము ద్రవమును అడుగునకు లాగును. గొట్టము రవంత వంగినను ఫలితము తాఱుమాఱగును. ఆ సాక్ష్యమును నమ్మి విలువైన నౌకను పంపుటెట్లు?

కావున 1992 డిసెంబరులో డిస్కవరీ నౌకపై రెండు ఆక్సిజను గొట్టములను పంపిరి. కక్ష్యలో భారము దాదాపు తోచదు. చిన్న శీతలీకరణ యంత్రములు వానిని మెల్లగా చల్లార్చినవి. చుక్కలేర్పడినవి, గాడులు తడిసినవి, రెండు గొట్టములును పని మొదలిడినవి.