సముద్రపు ఒడ్డు ఎవరిది?



సముద్రపు ఒడ్డున ఎన్ని పనులు జరుగుతాయో లెక్కపెట్టి చూడండి. వేట పడవలు అక్కడే ఆగుతాయి. వలలు అక్కడే బాగుచేసుకుంటారు. ఆడవాళ్లు చేపలు అక్కడే ఎండబెడతారు. ఓడల రేవులు అక్కడే కడతారు. ఫ్యాక్టరీలు, హోటళ్లు కూడా అక్కడికే వస్తాయి. వాటి మురుగు సముద్రంలో కలుస్తుంది. తాబేళ్లు గుడ్లు పెట్టేదీ ఆ ఇసుకలోనే.

ఇన్ని పనులకు తలా ఒక సర్కారు శాఖ ఉంటుంది. చేపలకు ఒకటి. రేవులకు ఒకటి. రోడ్లకు ఒకటి. ఒకరు చేసే పని ఇంకొకరికి తెలియకపోతే ఏమవుతుంది?

రేవు కోసం సముద్రంలోకి రాతి గోడ కట్టారనుకోండి. అలల వల్ల ఇసుక ఒడ్డు వెంబడి ఎప్పుడూ కదులుతూ ఉంటుంది. గోడ ఆ ఇసుకను ఆపేస్తుంది. గోడకు ఒక పక్క ఇసుక మేట వేస్తుంది. రెండో పక్కకు ఇసుక అందదు. అక్కడ ఒడ్డు కోసుకుపోతుంది. రేవు ఒక చోట, ఇళ్లు కూలేది ఇంకో చోట!

అందుకే నేలను, నీటిని, మనుషులను కలిపి చూడాలి. అన్ని శాఖలూ, అక్కడ బతికే జనమూ కూర్చుని మాట్లాడుకోవాలి. దీన్నే ‘సమగ్ర తీర ప్రాంత నిర్వహణ’ అంటారు. పేరు పెద్దదే గాని, సంగతి ఇంతే.

నెదర్లాండ్స్‌లో ఏం జరిగింది?

యూరప్‌లో నెదర్లాండ్స్ అనే చిన్న దేశం ఉంది. హాలెండ్ అని కూడా అంటారు. అక్కడి నేలలో సుమారు నాలుగో వంతు సముద్ర మట్టం కన్నా పల్లంలో ఉంది. కట్టలే ఆ నేలను కాపాడాలి.

1953లో జనవరి 31 రాత్రి పెద్ద తుఫాను వచ్చింది. కట్టలకు గండ్లు పడ్డాయి. నిద్రలో ఉన్న ఊళ్ల మీదికి నీళ్లు వచ్చాయి. ఆ దేశంలో 1,836 మంది చనిపోయారు.

ఇలాంటిది మళ్లీ జరగకూడదని సర్కారు అనుకుంది. సముద్రపు పాయలకు అడ్డంగా పెద్ద కట్టలు కట్టాలని నిర్ణయించింది. ఓస్టర్‌షెల్డ్ అనే పాయను కూడా పూర్తిగా మూసేయాలనుకుంది.

కాని ఆ పాయలో పోటు, పాటు ఉంటాయి. ఆ ఉప్పునీటిలో ఆల్చిప్పలు పెరుగుతాయి. వాటిని అమ్ముకుని ఎన్నో కుటుంబాలు బతుకుతాయి. పాయ మూస్తే ఉప్పునీరు రాదు. ఆల్చిప్పలు ఉండవు. “మా ప్రాణాలు కాపాడండి, మా బతుకు తియ్యకండి” అన్నట్టుగా జాలరులు ఎదురు తిరిగారు. ప్రకృతిని కాపాడాలనేవాళ్లు వాళ్లతో కలిశారు. వరద భయం ఉన్నవాళ్లు మాత్రం పాయను మూసేయాల్సిందే అన్నారు. ఎవరి బాధ వారిది. ఏదీ అబద్ధం కాదు.

చివరికి 1970లలో సర్కారు మనసు మార్చుకుంది. మూసే కట్టకు బదులు గేట్లు పెట్టాలనుకుంది. ఖర్చు చాలా పెరిగింది. అయినా కట్టారు. 1986లో పని పూర్తయింది. మొత్తం 62 గేట్లు. మామూలు రోజుల్లో అవి తెరిచే ఉంటాయి. నీరు సముద్ర మట్టం కన్నా 3 మీటర్లు పైకి వస్తుందని తెలిస్తే మూసేస్తారు. ఊరు నిలిచింది, ఆల్చిప్పలూ నిలిచాయి.

మరి నష్టమేమీ లేదా? ఉంది. గేట్ల వల్ల పోటు బలం తగ్గింది. పాయలోని ఇసుక మేటలు మెల్లగా అరిగిపోతున్నాయి. ఆ మేటల మీద మేత వెతుక్కునే పక్షులకు ఇబ్బంది వచ్చింది. ఒకసారి కట్టి ఊరుకుంటే చాలదు. ఏళ్ల తరబడి చూసుకుంటూ, సరిచేసుకుంటూ ఉండాలి.

ఇసుకతో ఇంకో పని కూడా చేశారు. 2011లో సముద్రం అడుగు నుంచి ఇసుక తోడి ఒకే చోట ఒడ్డున గుట్టగా పోశారు. 2 కోట్ల ఘనపు మీటర్ల పైనే పోశారు. గాలి, అలలు ఆ ఇసుకను పక్క ఒడ్డులకు మోసుకుపోతాయి. సముద్రంతో కొట్లాడకుండా, దాని చేతే పని చేయించుకోవడమన్నమాట.

దేశాలన్నీ కలిసి

సముద్రానికి సరిహద్దు లేదు. ఒక దేశం మురుగు వదిలితే పక్క దేశం ఒడ్డుకు చేరుతుంది. యూరప్ దేశాలు కొన్ని కలిసి యూరోపియన్ యూనియన్ అనే కూటమిగా ఏర్పడ్డాయి. ఇప్పుడు అందులో 27 దేశాలున్నాయి. 22 దేశాలకు సముద్ర తీరం ఉంది.

ఈ కూటమి 1996 నుంచి 1999 దాకా 35 చోట్ల ఈ పద్ధతిని చేసి చూసింది. తర్వాత 2002లో తన దేశాలకు 8 సూత్రాలు చెప్పింది. ముందు తరాల గురించి ఆలోచించాలి. ఏ చోటుకు తగినట్టు ఆ చోట పని చేయాలి. ప్రకృతికి ఎదురు పోకూడదు. అక్కడి జనాన్ని కలుపుకోవాలి. వాటిలో ఇవి కొన్ని.

కాని ఇది సలహా మాత్రమే. చట్టం కాదు. వినని దేశానికి శిక్ష లేదు.

మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాలు 2008లో ఒక అడుగు ముందుకు వేశాయి. స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లో ఒప్పందం చేసుకున్నాయి. 2011లో అది అమలుకు వచ్చింది. ఒప్పుకున్న దేశాల్లో ఒడ్డు నుంచి కనీసం 100 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కట్టకూడదు. కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. సముద్రంలో ఏ పని ఎక్కడ చేయాలో ముందుగా పథకం వేసుకోవాలని 2014లో యూరోపియన్ యూనియన్ చట్టం చేసింది. ఇది సలహా కాదు, చేసి తీరాలి.

మన సంగతి

మన దేశంలోనూ తీరానికి నియమాలున్నాయి. 1991లో మొదటిసారి వచ్చాయి. 2011లో, 2019లో మార్చారు. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా నేల ఈ నియమాల కిందికి వస్తుంది. ఎక్కడ ఏం కట్టవచ్చో చూపే పటాలు తయారుచేస్తారు. పటం ఖాయం చేసే ముందు జనం అభ్యంతరాలు వినాలని 2019 నియమాల్లో ఉంది.

ఆ పటంలో చేపలు ఎండబెట్టే చోటు ఉందా? పడవలు ఆపే చోటు ఉందా? లేకపోతే చెప్పాల్సింది ఎవరు? ఆ చోటు ఎక్కడుందో రోజూ అక్కడ పనిచేసే ఆడవాళ్లకే బాగా తెలుసు. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. పటం మీద పేర్లు చదవగలరు. అర్జీ రాయగలరు. సభలో నిలబడి అడగగలరు.

చర్చించండి:
1. ఓస్టర్‌షెల్డ్‌లో కట్టకు బదులు గేట్లు ఎందుకు పెట్టారు?
2. సలహాకు, చట్టానికి తేడా ఏమిటి?
3. మీ ఊరి చెరువునో, ఏటినో ఎవరెవరు వాడుకుంటున్నారు? వాళ్లంతా కలిసి ఎప్పుడైనా మాట్లాడుకున్నారా?