రిజిస్ట్రీ మార్పుల్లో పనిముట్టే కీలకం
ఏది దేనికో తెలియకుంటే కంప్యూటర్‌కు చేటు

సికింద్రాబాద్: ప్యారడైజ్ సమీపాన పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ కంప్యూటర్ విడిభాగాలకు, మరమ్మతులకు జంటనగరాల్లో పేరొందిన సముదాయం. అయితే ఏ భాగమూ చెడకపోయినా కంప్యూటర్ మొరాయించే సందర్భాలున్నాయి. విండోస్ రిజిస్ట్రీలో చేసిన తప్పు మార్పు అందుకు ఒక కారణం. నెట్ సెంటర్, జాబ్ టైపింగ్ దుకాణం వంటివి నడుపుకొనే వారికి కంప్యూటర్ ఒక్కరోజు ఆగినా ఆనాటి సంపాదన పోయినట్లే. కనుక రిజిస్ట్రీని మార్చే సాధనాల మధ్య తేడా తెలుసుకోవడం అవసరం.

ఏమిటీ రిజిస్ట్రీ?
గ్రామంలోని భూముల వివరాలకు పహాణీ ఎలాంటిదో, విండోస్ అమరికలకు రిజిస్ట్రీ అలాంటిది. తెలుగు కీబోర్డును ఎంచుకుంటే ఆ వివరం 0000044ఎ అనే సంఖ్యగా ఇందులో నమోదవుతుంది. 'యూఎస్‌బీస్టోర్' విభాగంలో 'స్టార్ట్' విలువను 3 నుంచి 4కు మారిస్తే పెన్‌డ్రైవ్‌లు పనిచేయవు. ఒక్క అంకెకు ఇంతటి ప్రభావం ఉంటుంది.

నాడు రెండు... నేడు ఒకటి
విండోస్ ఎన్‌టీ 4, విండోస్ 2000లలో రెండు ఎడిటర్లు ఉండేవి. 'రెగ్‌ఎడిట్'లో పేర్లతో పాటు విలువలనూ వెతకవచ్చు. .రెగ్ ఫైలుగా నకలు తీసుకోవచ్చు. అయితే ఏ విభాగాన్ని ఎవరు మార్చవచ్చో నిర్ణయించే అనుమతుల సదుపాయం అందులో లేదు. 'రెగ్‌ఈడీటీ32'లో ఆ సదుపాయం ఉండేది. మార్పులకు తావులేకుండా చూసేందుకు మాత్రమే తెరిచే వెసులుబాటు కూడా ఉండేది. కానీ వెతుకులాట విభాగాల పేర్లకే పరిమితం. .రెగ్ ఫైళ్లను అది వినియోగించుకోలేకపోయేది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో రెండూ ఏకమయ్యాయి. ఇప్పుడు రెండో పేరు టైపు చేసినా తెరుచుకునేది రెగ్‌ఎడిట్ మాత్రమే.

మరికొన్ని మార్గాలు
కమాండ్ ప్రాంప్ట్‌లో పనిచేసే 'రెగ్' ఆదేశం మరో సాధనం. ఇరవై కంప్యూటర్లలో ఒకే మార్పు చేయాల్సిన ల్యాబ్‌లకు ఇది అనువైనది. ఆదేశాలను ఒక ఫైలులో రాసి అన్నింటిలోనూ నడపవచ్చు. అయితే అక్షర దోషం ఉంటే అదీ ఇరవై చోట్లకూ పాకుతుంది.
'గ్రూప్ పాలసీ ఎడిటర్' ప్రతి అమరికకూ వివరణ ఇస్తుంది. వద్దనుకుంటే 'నాట్ కాన్ఫిగర్డ్' ఎంచుకోవచ్చు. కొత్తవారికి ఇదే మేలు. కాకపోతే విండోస్ హోమ్ ఎడిషన్లలో ఇది ఉండదు.
వేగం పెంచుతామని ఊరించే రిజిస్ట్రీ క్లీనర్ల జోలికి పోకపోవడమే మంచిది. వాటి వాడకాన్ని తాము సమర్థించబోమని మైక్రోసాఫ్ట్ స్పష్టం చేసింది.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి
* రెగ్‌ఎడిట్‌లో 'సేవ్' ఉండదు, 'అన్‌డూ' ఉండదు. మార్పు తక్షణమే నమోదవుతుంది. కాబట్టి మార్చదలచిన విభాగాన్ని ముందే ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి.
* ఆ నకలును తిరిగి చేర్చితే పాత విలువలు వస్తాయి గానీ, మధ్యలో కొత్తగా చేర్చినవి తొలగిపోవు. వాటిని విడిగా తీసేయాలి. అందుకే సిస్టమ్ రీస్టోర్ పాయింట్ కూడా సృష్టించుకోవాలి.
* ఎక్స్‌పోర్ట్ సమయంలో 'విన్9ఎక్స్/ఎన్‌టీ4' రకాన్ని ఎంచుకోరాదు. అది యూనికోడ్ కాదు. తెలుగులో ఉన్న ఫోల్డర్ల పేర్లు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. 5.00 రకంలో ఈ ఇబ్బంది లేదు.
* విండోస్ తనంతట తాను నకలు దాచి ఉంటుందన్న ధీమా పనికిరాదు. 'రెగ్‌బ్యాక్' ఫోల్డర్‌లోకి నకలు తీసే ఏర్పాటును విండోస్ 10కు 2018లో వచ్చిన 1803 వెర్షన్ నుంచి నిలిపివేశారు.
* ఇతరులు పంపిన .రెగ్ ఫైలును డబుల్ క్లిక్ చేయరాదు. దాన్ని ముందుగా నోట్‌ప్యాడ్‌లో తెరిచి పరిశీలించాలి.

మరమ్మతుకు ఇచ్చేటప్పుడు రిజిస్ట్రీలో ఏ విభాగాన్ని, ఏ సాధనంతో మార్చారో చెబితే మెకానిక్‌కు దారి దొరుకుతుంది. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును పెన్‌డ్రైవ్‌లో వెంట తీసుకెళ్తే విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసే అవస్థ తప్పే అవకాశం ఉంటుంది.