భట్టిప్రోలు గీత

తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు భట్టిప్రోలులో ఆగుతుంది. ఆ ఊరి పేరు స్టేషను బోర్డు మీదే కాదు, ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ అక్షరాలను గుర్తుపట్టడానికి వాడే యూనికోడ్ పట్టికలో కూడా ఉందని ఈమధ్యే నెట్‌లో చూశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అశోకుడి కాలం నాటి బ్రాహ్మీ లిపికి ఆ పట్టికలో 2010లో చోటు దొరికింది. అందులో 11039 సంఖ్య దగ్గరున్న గుర్తు పేరు ‘బ్రాహ్మీ వవెల్ సైన్ భట్టిప్రోలు ఆ’.

దీని వెనక కథ 1892 నాటిది. భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వించిన అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారికి మూడు ధాతుకరండాలు, అంటే అస్థికలుంచిన రాతి పెట్టెలు, దొరికాయి. వాటి మీది ప్రాకృత శాసనాలను చదివినవాడు జర్మన్ పండితుడు బ్యూలర్. వాటిలో కుబిరకుడనే రాజు పేరుంది. నిగమ సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి. నిగమం అంటే పట్టణంలో వర్తకుల సంఘం. చందాలిచ్చినవారి పేర్లు ఇవాళ గుడి గోడ మీద చెక్కిస్తాం కదా, ఆ పట్టీ చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది.

అసలు విశేషం రాతలో ఉంది. ‘క’ అని రాస్తే అందులో అకారం ఉన్నట్టే లెక్క. అశోకుడి బ్రాహ్మీలోనూ అంతే. భట్టిప్రోలులో చెక్కినవాళ్ళు అలా ఊరుకోలేదు. ఒట్టి హల్లుకు అకారం కావాలంటే పక్కన చిన్న గీత పెట్టారు. అశోకుడి లిపిలో ఆ గీత ‘ఆ’కు గుర్తు. దాన్ని ‘అ’కు ఇచ్చేశారు కాబట్టి దీర్ఘానికి ఇంకో గుర్తు కావలసివచ్చింది. గీత చివరను కిందికి వంచారు. యూనికోడ్‌లోకి ఎక్కింది ఆ వంపే. మన తలకట్టు దీని నుంచే పుట్టిందని నేననను కానీ, అకారాన్ని కంటికి కనపడేలా రాయాలన్న ఆ పట్టుదల చూస్తే ముచ్చటేస్తుంది.

కంప్యూటరు లెక్క దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. దానికి ‘క’ ఒక్క సంకేతం. ‘క్’ కావాలంటే పొల్లు అదనంగా కలపాలి. అందుకే ‘భట్టిప్రోలు’ కంటికి నాలుగక్షరాలే అయినా కంప్యూటరుకు పదకొండు సంకేతాలు. రెండు వత్తులకూ రెండు పొల్లులు లోపల దాక్కుని ఉంటాయి. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలు 160 పడితే తెలుగు సంకేతాలు 70 మాత్రమే పడతాయి.

ఈ కూడికలు ఎంత చిక్కైనవో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’ అన్న ఒక్క అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఒక సంకేతంతో వస్తే, ఐఫోన్లలో మెసేజీ యాప్‌లు తెరవగానే మూతపడిపోయాయి. ఆపిల్ ఆ నెలలోనే 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది.

యూనికోడ్ పట్టికలోకి మన పాత లెక్కల గుర్తులూ ఎక్కాయి. ‘హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న’ అంటుంటాం. హళ్ళి అంటే పాత తెలుగు భిన్నాల లెక్కల్లో సున్నా. 2008లో యూనికోడ్ 5.1తో దానికీ ఒక సంఖ్య వచ్చింది. ధాన్యం కొలిచే తూముకు కూడా.

మళ్ళీ ఊరి సంగతికొస్తే, స్తూపంలో దొరికిన బుద్ధ ధాతువును 1920లో కలకత్తా మహాబోధి సొసైటీకి ఇచ్చారు. ఇప్పుడది అక్కడి ధర్మరాజిక విహారంలో ఉంది. భట్టిప్రోలులో మిగిలింది ఇటుకల దిబ్బ.

నిన్న నోటో సాన్స్ బ్రాహ్మీ అనే ఫాంటు దించుకుని, ఆ 11039 గుర్తుతో ‘మా’ అని కొట్టాను. గీత వచ్చింది. ‘మ’ మాత్రం అశోకుడిదే వచ్చింది. పెట్టెల మీది ‘మ’ తలకిందులుగా ఉంటుంది. ఆ ‘మ’ను ఉన్నదున్నట్టు గీసి పెట్టే పిల్లలు బాపట్ల వైపు ఎవరైనా ఉంటే, నా దగ్గరున్న శాసనాల బొమ్మలన్నీ ఇస్తాను.