పెరటి తిండి, ప్యాకెట్ తిండి: కొన్ని విశేషాలు

పెరట్లో కాసిన బీరకాయ, చేలో పండిన జొన్న, గట్టు మీది మునగాకు తిని పెరిగిన తరం మన ఇళ్ళలో ఇంకా ఉంది. ప్యాకెట్ చింపి, వేడినీళ్ళు పోసి ఆకలి తీర్చుకునే తరమూ అదే ఇంట్లో పెరుగుతోంది. గింజలోంచి, ఆకులోంచి మనం ఏం తీసేస్తున్నాం, బదులుగా ఏం కలుపుతున్నాం? ఈ రెండు తిండ్లకూ తేడా అక్కడే ఉంది.

◆ కోళ్ళు చెప్పిన నిజం

క్రిస్టియాన్ ఐక్‌మాన్ డచ్చి వైద్యుడు. జావాలోని బటావియాలో, అంటే నేటి జకార్తాలో, బెరిబెరి జబ్బు మీద పరిశోధన చేస్తుండగా ఆయన ప్రయోగశాలలోని కోళ్ళకూ బెరిబెరి రోగుల్లాగే కాళ్ళు చచ్చుబడ్డాయి. సైనిక ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం వాటికి మేతగా వేస్తున్నారని ఆరా తీస్తే తెలిసింది. ఇంతలో వంటవాడు మారాడు. సైన్యం అన్నం కోళ్ళకు వేయడానికి వీల్లేదన్నాడు. దాంతో ముడిబియ్యం వేయడం మొదలుపెట్టారు, కోళ్ళు కోలుకున్నాయి. పాలిష్‌తో పోతున్న తవుడులోనే బెరిబెరిని అడ్డుకునే బి1 విటమిన్ ఉందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఐక్‌మాన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది.

◆ మన కోస్తా కథ

ఒకప్పుడు మన దేశంలో బెరిబెరి ఎక్కువగా కనిపించింది కోస్తా ఆంధ్రలోనే. అన్నానికి కరువు లేని చోట ఈ జబ్బేమిటి? అక్కడ తినేది మరపట్టిన పచ్చిబియ్యం. తమిళ ప్రాంతంలో ఎక్కువమంది తిన్నది ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలోని బి1 కొంత గింజ లోపలికి ఇంకుతుంది. తర్వాత మరపట్టినా అది పూర్తిగా పోదు. రోకటితో దంచిన బియ్యంలోనైతే తవుడు కొంత మిగిలే ఉంటుంది. ప్యాకెట్లు రాకముందే, బియ్యం మిల్లుతోనే మన తిండిలోంచి సారం పోవడం మొదలైందన్నమాట.

◆ ఒక్క గదిలో పుట్టి తార్నాకకు

ఈ బెరిబెరి మీద పరిశోధనకే 1918లో తమిళనాడులోని కూనూరులో, ఒక్క గదిలో, రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక చిన్న విభాగం ప్రారంభించారు. అది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలో మనం చూసే జాతీయ పోషకాహార సంస్థ అదే.

◆ రెండు రూపాయల బియ్యం

1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. ఎన్నో ఇళ్ళలో అది పస్తులు తప్పించింది. ఆ మేలు చిన్నది కాదు. అయితే చవక బియ్యం, బోర్ల కింద వరి రెండూ కలిసి తెలంగాణలో, రాయలసీమలో జొన్న, సజ్జ, కొర్రలను వెనక్కి నెట్టాయి. రొట్టె, సంకటి తిన్న ఇళ్ళలో మూడు పూటలా తెల్లన్నమే అయింది.

◆ పస్తాపూర్ ఆడవాళ్ళు

జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత మహిళా రైతుల సంఘాలు పాత విత్తనాలను కాపాడుకొచ్చాయి. ఒకే చేనులో జొన్న, కంది, కొర్ర, అనుములు కలిపి వేస్తారు. ఒక పంట పోయినా ఇంకోటి నిలుస్తుంది. ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిప్పే పాత పంటల జాతర వీళ్ళదే. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థవారి ఈక్వేటర్ బహుమతి దక్కింది.

◆ అంకెలు చెప్పే మాట

జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పాలిష్ బియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా లేదు. కరివేపాకులో 600 దాటుతుంది. చారులో కరివేపాకు ఏరి పక్కన పెట్టే పిల్లల చేత తినిపించాలంటే కరివేపాకు పొడి చేసి ఇడ్లీకి పెట్టడమే మంచి దారి.

◆ నాలుగు టన్నుల పాలకూర

ఆకుకూరల్లోని ఫోలిక్ ఆమ్లాన్ని 1941లో అమెరికా శాస్త్రవేత్తలు వేరు చేశారు. ఆ కాస్త పదార్థం కోసం నాలుగు టన్నుల పాలకూర వాడాల్సివచ్చింది. ఆ తర్వాత దాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల వ్యాధికి అన్నదమ్ములను పోగొట్టుకున్నాడాయన. రక్తహీనతకూ స్ప్రూకూ పనికొచ్చిన ఈ మందు అందించాడు. ఫోలిక్ ఆమ్లం నీటిలో కరుగుతుంది, ఎక్కువసేపు వేడికి నశిస్తుంది. కాబట్టి తోటకూర ఉడికిన నీళ్ళు పారబోయకండి, పప్పులోనో పులుసులోనో కలిపేయండి.

◆ పెరటి విద్య

బీర, సొర, చిక్కుడు పాదుల్లో మంచి కాయలు ఒకటి రెండు కోయకుండా వదిలేసి, పాదు మీదే ఎండనిచ్చి, గింజలు తీసి బూడిద కలిపి దాచడం మన ఊళ్ళలో పాత అలవాటు. బూడిద తేమను పీలుస్తుంది, పురుగును అడ్డుకుంటుంది. దొండకైతే గింజతో పనిలేదు, తీగముక్క నాటితే చాలు. ఆకుకూర కోసిన గంటల్లోనే సి విటమిన్ తగ్గడం మొదలవుతుంది. పెరట్లో కోసి నేరుగా పొయ్యి మీదకు చేర్చే ఆకుకు ఏ దుకాణమూ సాటిరాదు.

◆ ఆకలిలోంచి పుట్టిన నూడుల్స్

ఇన్‌స్టంట్ నూడుల్స్‌ను 1958లో జపాన్‌లో మొమొఫుకు ఆండో తెచ్చాడు. యుద్ధానంతరం జనం ఆహారానికి పడ్డ కష్టం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. ఉడికిన నూడుల్స్‌ను నూనెలో వేయిస్తే లోపలి నీరు ఆవిరై సన్నటి రంధ్రాలు పడతాయి. వేడినీళ్ళు పోయగానే ఆ రంధ్రాలగుండా నీరెక్కి మెత్తబడుతుంది. అవసరానికి వచ్చిన ఆ తిండి, పిల్లల రోజువారీ టిఫిన్ కావడమే బాధ కలిగించే విషయం.

◆ అదనంగా 500 కేలరీలు

ఆహారాన్ని ఎంతగా శుద్ధి చేశారన్న దాన్ని బట్టి నాలుగు వర్గాలు చేసినవాడు బ్రెజిల్ శాస్త్రవేత్త కార్లోస్ మోంటెయిరో. ఇంటి వంటకు వాడని రుచులు, రంగులు, పిండిపదార్థాల సారాలు కలిపి ఫ్యాక్టరీలో తయారయ్యేవి నాలుగో వర్గం. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ 20 మందికి రెండు వారాలు ఆ వర్గం తిండి, రెండు వారాలు మామూలు తిండి పెట్టి చూశాడు. రెండింటిలో చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానంగా ఉంచి, తిన్నంత తినమన్నాడు. ఫ్యాక్టరీ తిండి పెట్టిన రోజుల్లో వాళ్ళు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, దాదాపు కిలో బరువు పెరిగారు. పిల్లల లావుకు వాళ్ళ తిండిపోతుతనాన్ని తప్పుపట్టే పెద్దలు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవాలి.

◆ ప్యాకెట్ వెనకవైపు చదవండి

ప్యాకెట్ వెనక ముడిపదార్థాల పేర్లు బరువు వరుసలో ఉండాలని నిబంధన. ఏది ఎక్కువుంటే అది ముందు. మొదటి మూడింటిలో మైదా, చక్కెర, పామాయిల్ కనిపిస్తే ముందువైపు పండ్ల బొమ్మ ఎంత పెద్దగా ఉన్నా లోపలున్నది అదే. మన ఆహార భద్రత చట్టంలో ‘హెల్త్ డ్రింక్’ అనే వర్గమే లేదు. ఆన్‌లైన్ దుకాణాలు పానీయాలను ఆ పేరుతో అమ్మకూడదని కేంద్రం 2024 ఏప్రిల్‌లో చెప్పింది. వనస్పతి నుంచి వచ్చే ట్రాన్స్ కొవ్వుకూ 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో 2 శాతమే పరిమితి.

◆ ఇంటిదైనా కొలత కావాలి

పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆవకాయ, వడియాలు, అప్పడాలు మనింట్లో చేసినవే అయినా ఈ లెక్కలోకి వస్తాయి. ఇంటి వంటలో ఉన్న సుగుణం ఏమిటంటే, ఉప్పు ఎంత వేయాలో నిర్ణయించే చెయ్యి మనది.

దేశంలోని జబ్బుల భారంలో 56.4 శాతానికి సరిలేని తిండే కారణమని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు అంచనా వేశాయి. అందరికీ పెరడు ఉండదు. ఉద్యోగం చేసే తల్లిదండ్రులకు రోజూ రోకలి పట్టే తీరిక ఉండదు, ఆ భారమంతా మళ్ళీ ఆడవాళ్ళ మీద మోపడం న్యాయమూ కాదు. కానీ వారంలో రెండు పూటలు జొన్నరొట్టెకో రాగిసంకటికో కేటాయించవచ్చు, మిల్లులో తక్కువ పాలిష్ అడగవచ్చు. బాల్కనీ కుండీలో బచ్చలి తీగ పాకించి, దాని ఆకు పిల్లల చేతనే కోయించి పప్పులో వేయించండి. వాళ్ళు నాటి, కోసి, వండిన తిండి గురించి వాళ్ళకు ఎవరూ అబద్ధం చెప్పలేరు.