పాత క్యాసెట్లలోని గొంతులను కాపాడుకుందాం



మనలో చాలామంది ఇళ్ళలో అటక మీదో, బీరువా అడుగునో ఒక క్యాసెట్ల డబ్బా ఉంటుంది. అందులో పెద్దల బయానులు, ముషాయిరాలు, నికాహ్ రోజున చేసిన రికార్డింగులు, పిల్లలు చదివిన నాత్‌లు ఉంటాయి. 1970లు, 80లలో గల్ఫ్‌కు వెళ్ళినవారు ఉత్తరానికి బదులు క్యాసెట్‌లోనే మాటలు నింపి ఇంటికి పంపేవారు. అలా మాట్లాడినవారిలో ఎందరో నేడు మర్హూములయ్యారు. వారి గొంతు ఇక ఆ టేపులోనే మిగిలి ఉంది.

క్యాసెట్‌ను ఫిలిప్స్ సంస్థ 1963లో పరిచయం చేసింది. లోపలి టేపు సన్నని ప్లాస్టిక్ పట్టీ. దానిమీద అయస్కాంత గుణం గల పొడిని జిగురుతో అతికిస్తారు. ఏళ్ళు గడిచేకొద్దీ తేమకు బూజు పడుతుంది, వేడికి టేపు ముడతలు పడుతుంది, టేపును హెడ్డుకు ఆనించే చిన్న ఫెల్ట్ ముక్క ఊడిపోతుంది. డబ్బాలో భద్రంగా దాచినంత మాత్రాన గొంతు నిలవదు. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలి.

ముందుగా చూడవలసినవి

చాలాకాలం తర్వాత తీసిన క్యాసెట్‌ను వెంటనే ప్లేయర్‌లో పెట్టకండి. అదే దాని ఆఖరి ఆట కావచ్చు. మొదట వెనుక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలను విరవండి. అప్పుడు పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాత గొంతు చెరిగిపోదు. టేపు వదులుగా ఉంటే పెన్సిల్‌తో తిప్పి బిగించండి. తెగితే మామూలు సెల్లోటేపు వాడవద్దు, దాని జిగురు పక్క పొరలకు అంటుకుంటుంది. బూజు కనిపిస్తే ఆ క్యాసెట్‌ను విడిగా ఉంచి తెలిసినవారికి చూపించండి. ప్లేయర్ హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి ఆరనివ్వాలి.

ఎక్కించే పద్ధతి

బాగా నడిచే క్యాసెట్ డెక్కు, ఒక కేబులు, కంప్యూటరు ఉంటే చాలు. కేబుళ్ళు, పిన్నులు, యూఎస్‌బీ సౌండ్ కార్డుల కోసం కోఠిలోని గుజరాతీ గల్లీలో అడగవచ్చు. డెక్కు లైన్ అవుట్ నుంచి వచ్చే కేబులును కంప్యూటర్ లైన్ ఇన్‌లో పెట్టాలి. మైకు రంధ్రంలో పెడితే శబ్దం పగిలిపోతుంది. రికార్డింగుకు ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. గొంతు ఎంత పెరిగినా మీటరు ఎర్ర గీతను తాకకుండా చూసుకోవాలి.

ఈ పనిలో తొందర కుదరదు. 60 నిమిషాల క్యాసెట్ ఎక్కడానికి 60 నిమిషాలూ పడుతుంది. గొంతు మందంగా, మూసుకుపోయినట్టు వినిపిస్తే హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ, మాట స్పష్టమయ్యేచోట ఆపాలి.

అసలు ప్రతిని వేవ్ ఫైలుగానే దాచండి. సీడీ నాణ్యతలో గంటకు సుమారు 635 ఎంబీ అవుతుంది. అంటే 100 గంటల రికార్డింగు 128 జీబీ పెన్‌డ్రైవ్‌లో సులువుగా పడుతుంది. బంధువులకు పంపడానికి ఎంపీ3 చాలు. గరగర తీసే ప్రయత్నం నకలు మీదే చేయండి, అసలు ప్రతిని ముట్టుకోవద్దు. మూడు ప్రతులు ఉంచుకుని, అందులో ఒకటి వేరే ఇంట్లో పెట్టండి. పాత క్యాసెట్‌ను కూడా పారేయవద్దు.

పేరు లేని గొంతు

ఫైలుకు 'సైడ్ ఎ' అని మాత్రమే పేరు పెడితే మనవళ్ళకు అది ఎవరి గొంతో తెలియదు. ఎవరు మాట్లాడారు, ఎక్కడ, ఏ సంవత్సరం, ఉర్దూలోనా తెలుగులోనా అన్నది రాసి ఉంచాలి. ఆ గొంతును గుర్తుపట్టగల పెద్దలు నేడు మన మధ్య ఉన్నారు. టేపు మరో ఏడాది నిలిస్తే నిలవవచ్చు కానీ, వారు ఉంటారన్న భరోసా ఎవరికీ లేదు. అందుకే ముందు వారిని పక్కన కూర్చోబెట్టుకుని వినిపించండి.

ఒక మాట మరువవద్దు. ఇంటి ఉత్తరంలాంటి క్యాసెట్ ఒక అమానత్. కుటుంబం అనుమతి లేకుండా దాన్ని ఎవరికీ వినిపించకూడదు, ఎక్కడా పంచకూడదు.

దాతలకు మా విన్నపం చిన్నది. మీ ఇంట్లో వాడకుండా పడి ఉన్న మంచి డెక్కు ఉంటే సంఘానికి ఇవ్వండి. ఒక హార్డ్ డిస్కు ఇవ్వగలిగితే ఇవ్వండి. అదీ కుదరకపోతే కంప్యూటర్ తెలిసిన మీ పిల్లలను ఆదివారం రెండు గంటలు పంపండి. డెక్కు కొనే స్తోమత లేని ఇళ్ళలోనూ ఒక తండ్రి గొంతు, ఒక నానమ్మ దుఆ క్యాసెట్లలో ఉన్నాయి. మీ సాయంతో అవి వారి పిల్లలకు అందుతాయి, ఇన్‌షా అల్లాహ్.