లాగోమ్, మట్టిమిద్దె

ఎక్కువా తక్కువా కాకుండా సరిపడా ఉండటాన్ని స్వీడన్ వాళ్లు ‘లాగోమ్’ అంటారు. 2018లో హైదరాబాద్‌లో స్వీడన్ ఫర్నిచర్ దుకాణం ఐకియా తెరిచాక వాళ్ల తెల్లగోడలు, లేతరంగు చెక్క సామాను మనకూ అలవాటయ్యాయి. ఆ తెలుపుకో కారణం ఉంది. స్టాక్‌హోమ్‌లో డిసెంబరులో మూడు గంటలకల్లా పొద్దు గుంకుతుంది. దొరికిన కాస్త వెలుతురునే గదంతా పరచుకోవాలి. అనంతపురం సీమలోని చిలమత్తూరులో సంగతి వేరు. ఏటా 55 సెంటీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఈ సీమలో వెలుతురుకు కరువు లేదు, కావలసింది నీడ. అందుకే పాత మట్టిమిద్దెలకు మందపాటి గోడలు, చిన్న కిటికీలు, బండలు పరిచిన నేల. ఇక గోడలోని గూడు చూడండి: దీపం, దువ్వెన, మందుసీసా అన్నీ అందులోనే, నేల మీద జానెడు చోటు కూడా పోదు. నిరాడంబరత అంటే ఇదే.

మిద్దె కురుస్తుంది, చెదలు పడుతుంది, మళ్లీ మట్టి ఎత్తిపోయాలి, అందులోకి పొమ్మంటారా అని అడగవచ్చు. ఆ కష్టం నిజమే. సిమెంటు కప్పును వద్దనడం లేదు. దానిమీద సున్నం పూయండి, పడమటి కిటికీకి నీడ కట్టండి, కొత్త గోడలోనూ రెండు గూళ్లు వదలండి. హాలంతా ఆక్రమించే సోఫాకు బదులు నులకమంచం వేసుకుంటే, పగలు దాన్ని గోడకు నిలబెట్టగానే ఇల్లంతా పిల్లలదే.